గొంతు లేని సిపాయి

“అంత ఎత్తు మీద కూచున్నోనికి ఈ మాట తెలిస్తే ఏమైపోతాడో ఫాయిజా! చెయ్యి తప్పితే? కాలు జారితే?”

మాబున్ని ఈ మాట అనని రోజు లేదు.

“మూడయింది అమ్మీ. ఇంక నోరు తెరవాకు. నీ గొంతు ఇన్న్యాడంటే అన్న పసిగడతాడు,” అంది కూతురు.

మాబున్ని కొంగు పళ్ళ మధ్య బిగించుకుంది.

కొడుకు ఉమైర్ కువైట్‌లో క్రేన్ నడుపుతాడు. ఇరవై అంతస్తుల పైన, చిన్న గదిలో ఒక్కడే. అన్నానికని దిగి మళ్ళీ ఎక్కితే వేళ చాలదని పైనే తింటాడు. తిన్నాక ఫోనులో తుపాకుల ఆట తెరుస్తాడు. అదే వేళకు ప్రొద్దుటూరులో, వాళ్ళ ఇంట్లో మంచం మీద, తండ్రి వలి బాషా ఫోనులోనూ అదే ఆట తెరుచుకుంటుంది.

మామూలుగా ఫోను చేస్తే ఆ తండ్రీ కొడుకులకు “తిన్నావా”, “తింటి” తప్ప మాట సాగేది కాదు. ఆటలో మాత్రం గంటసేపు తిట్టుకునేవాళ్ళు, నవ్వుకునేవాళ్ళు. ఇప్పుడు అదీ లేదు. తండ్రికి గొంతు ఆపరేషన్ అయిందని, డిసెంబరు దాకా మాట్లాడకూడదని ఉమైర్‌కు చెప్పారు. ఆసుపత్రిలో డాక్టరు చెప్పిన అసలు మాట మాత్రం వాడి చెవిన వేయొద్దని మాబున్ని ఇంట్లో అందరి చేతా ఒట్టు వేయించుకుంది. డిసెంబరులో సెలవు దొరుకుతుంది. వాడు నేల మీద ఉన్నప్పుడు, తన చెయ్యి వాడి భుజం మీద ఉన్నప్పుడు చెప్పుకోవచ్చు.

తెర మీద రాతి లోయ. జమ్మలమడుగు దాటాక గండికోట దగ్గర ఉంటుందే, అలాంటిది. కాకపోతే అంతా పొగ. కూలిన గోడలు. ఎక్కడి నుంచో ఆగి ఆగి తుపాకీ మోత. తలపైన వలి బాషా పేరున్న సిపాయి గోడవారగా నడుస్తున్నాడు. వెనక ఉమైర్ సిపాయి.

“అబ్బాజాన్, ఇంక ఒగడే మిగిలినాడు. వానికి దెబ్బ గూడా తగిలింది. ఎడంపక్క పోదాం.”

“సరేనంటాండాడు అన్నా,” ఫాయిజా ఫోను దగ్గరికి వంగి చెప్పింది.

మెట్ల కింద ఆ ఒక్కడు దొరికాడు. పాకుతున్నాడు. కువైట్‌లో ఉన్న కడప జిల్లా వాళ్ళూ, ఇళ్ళ దగ్గరున్న వాళ్ళ తమ్ముళ్ళూ కలిసి ఆడుకునే ఆట అది. వాడి గొంతు అందరికీ వినిపించింది. మీసం కూడా రాని గొంతు.

“అన్నా, సంపాకండన్నా! ఈపొద్దన్నా గెలుచ్చానని మాయమ్మకు చెప్పినా. పక్కనే కూచోని సూచ్చాంది.”

“ఏ ఊరురా నీది?” అన్నాడు ఉమైర్.

“పులివెందల అన్నా.”

“పులివెందలోడా! అట్లయితే అస్సలు వదలాకు అబ్బాజాన్, వేసెయ్!”

వలి బాషా సిపాయి తుపాకీ వాడి నుదుటికి సూటిగా ఉంది. ఒక్క మీట నొక్కితే చాలు. గొట్టం కొంచెం వణికింది. మెల్లగా నేలకు వాలింది. దెబ్బ తిన్నవాడు పాక్కుంటూ రాళ్ళ వెనక్కి పోయాడు.

“ఏంది అబ్బాజాన్! చేతికి దొరికినోన్ని ఇడ్చిపెడ్తివే!”

“పిల్లోడు గదా, జాలిపడినాడు అన్నా.”

“జాలా? అబ్బాజానా?”

ఉమైర్ నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది.

పొగ దగ్గరయింది. ఉమైర్ సిపాయి ఒక కూలిన గోడ మీదికి ఎక్కి దూరంగా చూస్తున్నాడు. వెనక రాళ్ళ సందులోంచి ఒక తుపాకీ గొట్టం బయటికి వచ్చింది. ఇందాక వదిలేసినవాడే. కట్టు కట్టుకుని వచ్చాడు. వాడి గురి ఉమైర్ వీపు మీద ఉంది.

మాబున్ని కొంగును ఇంకా గట్టిగా కొరికింది.

వలి బాషా సిపాయి ఒక్క ఉరుకున గోడ ఎక్కాడు. ఉమైర్‌కు అడ్డంగా నిలబడ్డాడు. రోజూ ఇంతే. రోజూ దెబ్బ తగిలేది, ఉమైర్ వచ్చి లేపేవాడు. ఈసారి లేపే వ్యవధి లేదు. మూడు గుండ్లూ గుండెలోకే దిగాయి.

తెర మీద ఎర్ర అక్షరాలు పడ్డాయి. మాబున్నికి ఇంగ్లీషు అంతంత మాత్రం. కానీ భర్త పేరు, పక్కన పుర్రె గుర్తు చాలు.

“యా అల్లా!”

కొంగు నోట్లోంచి జారిపోయింది. ఆ కేక గదంతా నిండింది. కువైట్ దాకా పోయింది.

ఫాయిజా గబగబా ఫోను మీదికి వంగింది. “ఏం కాలేదన్నా! అమ్మీ చేతి మీద టీ ఒలికింది, అంతే. అబ్బాజాన్ శానా బాగుండాడు. ఈడనే కూచోని నవ్వుతాండాడు.”



“అన్నా? ఇనపడ్తాందా?”

లోయలో తుపాకులు ఆగాయి. ఉమైర్ సిపాయి తన తుపాకీ కింద పడేసి, గోడ దిగి, కిందికి దొర్లి పడిన సిపాయి పక్కన నిలబడ్డాడు. వెనక నుంచి పులివెందుల వాడు కాల్చాడు. ఉమైర్ తిరిగి చూడలేదు. ఆట అయిపోయింది.

ఫోనులోంచి గాలి హోరు ఒక్కటే వినిపిస్తోంది. అది ఇరవై అంతస్తుల మీది గాలి.

“ఉమైర్... ఆడ తలుపు గట్టిగా పట్టుకోని కూచో నాయనా,” అంది మాబున్ని, నోరు తెరవకూడదన్న సంగతి మరిచిపోయి.

   ఫాయిజా తల్లి భుజం పట్టుకుంది.

అప్పుడు ఉమైర్ పలికాడు.

“నాకు అడ్డంబడి గుండ్లు తినేది అబ్బాజాన్ గాదు, నువ్వేనని మొదటి దినమే తెలిసింది అమ్మీ, ఆయన పోయి నలభై దినాలాయ, ఇంకనన్నా గట్టిగా ఏడువు.”