చుక్కకు పన్నెండడుగుల చోటు

పదింటికి నెల్లూరు నుంచి జీపు వస్తుంది. చుక్కకు సరైన వసతి లేదని తేలితే, ఇవాళే వ్యానెక్కించి తీసుకుపోతారు.

ఖాశింబీ పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఉదయగిరి కొండ కింద ఆ చుట్టుపక్కల ఏ పెళ్లికొడుకు ఊరేగినా పన్నెండేళ్ల పాటు చుక్క మీదే. నుదుట తెల్లమచ్చ ఉన్న ఆ ఆడగుర్రాన్ని, పిల్లల్లేని ఖాశింబీ కూతురిలా సాకింది. ఇప్పుడు పెళ్లికొడుకులు డీజే వెనకాల కార్లలో ఊరేగుతున్నారు. రెండేళ్లుగా వానల్లేవు. చుక్క పక్కటెముకలు వీధి చివరి నుంచే కనిపిస్తున్నాయి.

ఎవరో జంతువుల సంఘానికి ఫిర్యాదు రాశారు. గుర్రాన్ని ఇరుకు రేకుల పంచలో కట్టేస్తున్నారని, తిండీ నీళ్లూ లేవని. ఎవరు రాశారో సంఘంవాళ్లు చెప్పరట.

"ఆ రాసినోడి చెయ్యి ఇరిగిపోను! వాడింట్లో పొయ్యి ఎలగకుండా పోను!" నాలుగు రోజులుగా వీధి కొళాయి దగ్గర ఖాశింబీ నోరు ఆగలేదు.

ఆ తిట్లు తనకు తగులుతాయేమోనని ముందుగా కదిలింది పక్కింటి కొండలయ్య. మురుగుకాలవ తగాదాతో రెండిళ్లకూ ఏడాదిగా మాటల్లేవు. అయినా మోపెడు పచ్చిగడ్డి తెచ్చి దబ్బున పడేశాడు.

"నేను రాయలేదు మే. రాసినోడైతే గడ్డి మోసకొస్తాడా?"

ఎదురింటి చెంచమ్మ తన బర్రెను ఇంటి వెనక కట్టేసి, కొట్టం ఖాళీ చేసిచ్చింది. ఒకరు సిమెంటు తొట్టి దొర్లించుకొచ్చారు. ఒకరు ఉలవల మూట తెచ్చారు. ఇంకెవరో మేకపోతును కూడా ఈడ్చుకొచ్చారు. గుర్రానికి తోడుండాలని ఫోనులో చూశారట.

ఖాశింబీ మొగుడు మస్తాన్ మాత్రం ఏ పనికీ చెయ్యి కలపలేదు. అరుగు మీద మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు.

"గుర్రం పోతాదని ఆయనకు పానం చచ్చిపోయింది పాపం," అంది చెంచమ్మ.

జీపు వచ్చింది. సంఘం పశువుల డాక్టర్ రజిత టేపు పట్టుకుని దిగింది. సూటిగా కొట్టంలోకి నడిచింది.

"పన్నెండడుగులకు పన్నెండు. బాగుంది. కప్పు తలకు తగలదు. గాలి ఆడుతోంది." వంగి నేల తడిమింది. "పొడిగా ఉంది. రోజూ ఇక్కడే కడతారా?"

"ఇది చెంచమ్మక్క కొట్టం," అన్నాడు మస్తాన్.

ఖాశింబీ గబగబా అడ్డొచ్చింది. "అక్క మాకిచ్చేసింది మేడం!"

"అవును, ఇచ్చేసినా. బర్రెను అమ్ముకున్నా గదా, నాకెందుకు?" అంది చెంచమ్మ.

ఇంటి వెనక నుంచి బర్రె గొంతెత్తి అరిచింది.

"అది మా చెల్లెలి బర్రె," అంది చెంచమ్మ, కన్నార్పకుండా.

రజిత నవ్వాపుకుంది. "రోజుకు నీళ్లెన్ని పెడతారు?"

"ఒక బిందె," అన్నాడు మస్తాన్.

"పూటకొక బిందె మేడం! మూడు పూటలా పెట్టేది నేను. ఆయనకేం తెలుసు?" ఖాశింబీ మొగుడి వైపు తిరిగి పళ్లు కొరికింది. "యోవ్, నువ్వు గమ్మునుండు."

"అబద్ధమాడితే నాలిక ఊడిపోతాదా వీడికి?" కొండలయ్య గొణిగాడు. మాట మళ్లించాలని గొంతు పెంచాడు. "మేడం, మీకాడ పచ్చిక ఉంటాదంట, డాక్టర్లుంటారంట. మా ముసలెద్దును గూడా తీసకపోండి."

అందరూ నవ్వారు. రజిత నవ్వలేదు.

"ఆరెకరాల పచ్చిక ఉంది. నీళ్లున్నాయి. అందుకే మేపలేనివాళ్లంతా తోలుకొచ్చేస్తున్నారు. మాకు చోటు చాలడం లేదు. ఇప్పుడు యజమానులు తెచ్చి ఇస్తామంటే తీసుకోవడం లేదు. ఫిర్యాదు వచ్చి, తనిఖీలో తప్పితేనే తీసుకుంటాం."

ఆమె చుక్క పక్కటెముకల మీద అరచెయ్యి ఆనించింది. చాలాసేపు తియ్యలేదు.

"బాగా చిక్కిపోయింది."

"ఎండలకు మేడం," అంది ఖాశింబీ.

మస్తాన్ అరుగు మీంచి లేచాడు. "తిండి లేక," అన్నాడు.

కొండలయ్య గబుక్కున ముందుకొచ్చాడు.

"వాడికి రెండు దినాల్నుంచి జొరం మేడం. ఏం మాట్లాడతా ఉండాడో వాడికే తెలీదు," అన్నాడు కొండలయ్య. చెంచమ్మ మస్తాన్ భుజం పట్టుకుని కూర్చోబెట్టింది.

రజిత గడ్డిమోపు చూసింది. నిండిన తొట్టి చూసింది. గుర్రం మెడ పట్టుకుని వదలని ఖాశింబీని చూసింది. కాగితం మీద సంతకం పెట్టింది.

"మేత ఉంది, వసతి ఉంది. కోలుకుంటుంది. మీ దగ్గరే ఉంచుకోండి. ఇంకో ఏడాది వరకూ దీని మీద మేం ఏ ఫిర్యాదూ తీసుకోం."

ఈలలు, చప్పట్లు. ఖాశింబీ చుక్క మెడను కావలించుకుని ఏడ్చింది.

జీపు మలుపు తిరిగింది. చెంచమ్మ బర్రెను మళ్లీ కొట్టంలోకి తోలుకుంది. తొట్టి దొర్లుకుంటూ వెళ్లింది. ఉలవల మూట వెళ్లింది. మేకపోతు వెళ్లింది. కొండలయ్య ఒక పిడికెడు గడ్డి వదిలి, మోపు నెత్తికెత్తుకున్నాడు.

"ఏమనుకోబాక మే. నా ఎద్దుకు గూడా ఉండే మేత ఇదే."

చుక్క మళ్లీ రేకుల పంచలోకి వచ్చింది. పక్కకు తిరగడానికి చోటు లేదు. పిడికెడు గడ్డీ రెండుసార్లు నమిలేసరికి అయిపోయింది. తర్వాత అది గోడను నాకడం మొదలుపెట్టింది.

ఖాశింబీ మొగుడి పక్కన కూలబడింది. ఒళ్లంతా చెమట. మొహం వెలిగిపోతోంది.

"చూసినావా? మన చుక్కను ఎవరూ కదిలించలేరు. ఆ రాసినోడు ఎవడో గానీ, ఇప్పుడు ఏడస్తా ఉంటాడు."

మస్తాన్ భుజం మీది తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆ పచ్చికకాడికి పోతేనన్నా బతుకుతాదని, ఆ కాయితం రాసింది నేనే ఖాశీ."