రెక్క మీద అతుకు

"నేను దిగిపోతున్నాను," అన్నాడాయన బెల్టు విప్పేస్తూ.

విమానం తలుపు ఇంకా మూయలేదు. భార్య ఒళ్లో ఇస్త్రీ మడత నలగని నల్ల గౌను ఉంది. యాభై ఏడేళ్ల వయసులో ఆమె డిగ్రీ పాసైంది. సాయంత్రం నాలుగింటికి వేదికెక్కి పట్టా అందుకోవాలి. ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడతానని ఈయనే మాటిచ్చాడు.

"ఇప్పుడేం మునిగింది?"

ఆయన కిటికీలోంచి చూపించాడు. రెక్క మీద అరచేయంత అతుకు. మూలలు గుండ్రంగా, కాస్త ఉబ్బెత్తుగా ఉంది.

"దాని కింద రేకు చిట్లింది. పైన ఒక్క మేకైనా లేదు. కార్బన్ గుడ్డా, జిగురూ! అంతే!"

"అంటుకునే ఉందిగా."

"అతికించినవాడు శుభ్రంగా తుడిచాననే అనుకుంటాడు. రేకు మీద నీళ్లు పోస్తే పొరలా పరుచుకోవాలి. చుక్కలు కట్టాయంటే జిడ్డున్నట్టే. ఆ తర్వాత ఉత్త వేలు తగిలినా అంతా దండగ. మధ్యలో ఆ మహానుభావుడు చెవి గోక్కున్నాడేమో, గుర్తుంటుందా?"

"గోక్కునే ఉంటాడు," అంది భార్య.

"చూశావా! చివర్న నాణెంతో తట్టి, ‘ఖంగుమంది, బాగుంది’ అని రాసేస్తాడు. ఆ చెవులకి ఏం వినపడి చచ్చిందో!"

"అదీ నిజమే."

"సంతకం పెట్టేవాడిదేం పోయింది? హాయిగా నేలమీద ఉంటాడు. ఎగిరేది మనం!"

పక్క సీటాయన పేపరు దించాడు. "సారుకి విమానాల గురించి బాగా తెలిసినట్టుందే?"

"ఈయన విమానం ఎక్కడం ఇదే మొదటిసారండీ," అంది భార్య.

పక్క సీటాయన జాలిగా నవ్వి మళ్లీ పేపరెత్తాడు.

ఎయిర్ హోస్టెస్ వచ్చింది. "ఏమైనా ఇబ్బందా సార్?"

"దిగిపోతారట," అంది భార్య. "కెప్టెన్ గారిని ఒక్కసారి పిలవమ్మా. ఎందుకు దిగుతున్నారో ఈయనే స్వయంగా చెప్తారు."

ఆయన మళ్లీ బెల్టు పెట్టుకున్నాడు.

"కాసిని మంచినీళ్లు ఇప్పించమ్మా," అన్నాడు నీరసంగా.

తలుపు మూసుకుంది. విమానం కదిలింది. భార్య ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

రెండు రోజుల కిందట విమానాలు బాగుచేసే హ్యాంగర్‌లో ఆ అతుకు వేసి, ‘ఎగరడానికి తగినది’ అని రాసి సంతకం పెట్టింది ఆయనే.