సెల్లార్ మట్టి

"నీకు ఆ టైర్లు ఇయ్య. పో."

వీరేశం తల కూడా ఎత్తలేదు.

వంశీ తాళంచెవిని కౌంటర్ మీద టక్కున కొట్టాడు. బయట, మదీనాగూడ హైవే పక్కన, 'భూలక్ష్మి టైర్స్' బోర్డు కింద అతని పికప్ నిలబడి ఉంది. ఫోర్ వీల్ డ్రైవ్. దాన్ని ఎక్కాలంటే ముందు మెట్టెక్కాలి.

"ఇయ్యకపోవడమేంటండీ? షాపు పెట్టింది అమ్మడానికేగా?"

"ఆఫీసేడ?"

"రాయదుర్గం."

"ఆడ మెట్రో కింద గంటసేపు నిలబడ్తవ్. గా రోడ్డుకు బురద టైర్లెందుకు సార్? చెవుల తేనెటీగ దూరినట్టు గుయ్యిమంటయ్. వానల బ్రేక్ కొడితే జారుతయ్. రోడ్డు టైర్లేస్కో. లేకుంటే రోడ్డుకూ మట్టికీ రెండిట్లకూ నడిచేటియున్నయ్, అవ్వేస్కో."

"సలహాలొద్దు. అవి కావాలి."

వంశీ గోడవైపు చూపించాడు. మట్టిని కొరకడానికే పుట్టిన టైర్లు. పైకి లేచిన ఒక్కో రబ్బరు బటన్ ఇటుక ముక్కంత ఉంది.

"మీకు కారు సాలదు, జీపు గావాలె. జీపు సాలదు, గీ లారీ గావాలె. అండ్ల మోసేదేంది మల్ల? ల్యాప్‌టాప్!"

వంశీ మొహం కందిపోయింది.

"మర్యాదగా మాట్లాడు. కిందటి నెల వచ్చినప్పుడు మేడం ఉన్నారు. మంచినీళ్ళిచ్చి, నవ్వుతూ మాట్లాడారు. ఆవిణ్ణి పిలువు, ఆవిడతోనే మాట్లాడతా." కౌంటర్ వెనకున్న ఖాళీ కుర్చీ లాక్కున్నాడు.

"అండ్ల కూసోకు! అది ఆమె కుర్చీ."

ఆ అరుపుకి వంశీ సగంలోనే లేచాడు. మండిపోయింది.

"పోయినవారం రెండుసార్లొచ్చా ఈ షాపుకి. రెండుసార్లూ షట్టరే. 'మట్టికి పోయిండు' అన్నాడు పక్క పాన్ డబ్బా అతను. టిప్పర్లు, మట్టి కాంట్రాక్టులు... రెండు చేతులా సంపాదన. ఇక టైర్లు కొనేవాడు ఎందుకు కనబడతాడు?"

వీరేశం అతన్ని తేరిపార చూశాడు.

"ఔ. మట్టికే పోయిన."

అంతే. గుడ్డ తీసి గల్లాపెట్టె మీది దుమ్ము తుడవసాగాడు. మళ్ళీ తనే అడిగాడు.

"బండి ఏడ తోల్తవ్?"

ఆ మాట అడిగేవాడి కోసమే వంశీ కాచుకుని ఉన్నాడు. కోపం పక్కన పెట్టి చెప్పుకొచ్చాడు. వాళ్ళ ఆఫీసు వాళ్ళకో గ్రూపుంది. ఆదివారం పొద్దున్నే బళ్ళేసుకుని వెళ్తారు. పోయిన ఆదివారం అతని బండి ఒక దిబ్బ మీద సగంలో ఇరుక్కుంది. టీమ్ లీడ్ రవికిరణ్ తాడు కట్టి లాగాడు. లాగుతూ వీడియో తీయించాడు. సోమవారం లిఫ్టెక్కితే ఎవరో "బురద వంశీ" అన్నారు. లిఫ్టంతా నవ్వింది.

"ఈ ఆదివారం దాన్ని ఎక్కి చూపించాలి. లేదంటే ఆ ఆఫీసులో నేను తలెత్తలేను. చాలా?"

"ఏడుంది గా దిబ్బ?"

"శేరిలింగంపల్లిలో, కొత్త టవర్ల వెనకాల. గోడ కూలిపోయిన ఖాళీ స్థలం. బిల్డరెవడో సెల్లార్ తవ్విన మట్టి కుప్పలు కుప్పలు పోశాడు. మాకోసమే ట్రాక్ వేసినట్టుంది."

వీరేశం చేతిలో గుడ్డ ఆగింది.

"నల్ల బండ పక్కపొంటి?"

"అదే. ఎలా తెలుసు?"

"చెప్పు నువ్వు."

"పాత దిబ్బలన్నీ ఎక్కేశాం, గట్టిపడి ఉన్నాయి. బండ పక్కది కొత్తది. ఎర్రటి మెత్తటి మట్టి. చక్రం పెడితే దిగబడింది. పైగా దానిమీద తుమ్మకంప కప్పి పోయాడు వెధవెవడో. లాగి అవతల పారేశాం. అయినా ముల్లు దిగింది. ముందు టైరు రోజూ గాలి పోతోంది."

వీరేశం లేచి బయటికి నడిచాడు. ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని వేళ్ళతో తడిమాడు. పట్టకారుతో లాగాడు. పొడుగాటి తుమ్మ ముల్లు. అరచేతిలో పెట్టుకుని చూశాడు. ఆ అరచేతి నిండా మానుతున్న ముళ్ళ గాట్లే.

"సరే," అన్నాడు. "జాకీలు పెడ్త."

"హమ్మయ్య! ఇప్పుడు దారికొచ్చావు."

వంశీ గెలిచిన మొహంతో ఫోన్ తీసి రోడ్డువైపు నడిచాడు. "రవీ, ఆదివారం కెమెరా నువ్వే పట్టుకో. ఆ దిబ్బని చదును చేసి పారేస్తా, చూడు."

అరగంట ఆ మాటల్లోనే పడ్డాడు. వెనక నట్లు ఊడుతున్న చప్పుడు. చక్రాలు దొర్లుతున్న చప్పుడు. తర్వాత దడదడమని షట్టర్ దిగిన చప్పుడు.

వంశీ వెనక్కి తిరిగాడు. పికప్ నాలుగు ఇనుప స్టాండ్ల మీద ఉంది. కొత్త టైర్లు లేవు. పాత చక్రాలూ లేవు. వీరేశం షట్టర్‌కి తాళం వేస్తున్నాడు.

"ఏయ్! ఏం చేస్తున్నావ్? నా చక్రాలేవి?"

"లోపలున్నయ్."

"పిచ్చెక్కిందా నీకు? పోలీసుల్ని పిలుస్తా!"

"పిలువు. ఆళ్ళను తీస్కొని గా బండ కాడికే పోదాం. జర నాక్కూడా పనుంది ఆడ, కంప మల్ల కప్పాలె."

వంశీ వచ్చి అతని చొక్కా పట్టుకున్నాడు.

"సెల్లార్ మట్టి మీద నా బండి ఎక్కితే నీకేం పోయిందిరా?"

వీరేశం ఆ చెయ్యి విడిపించుకోలేదు.

"అది సెల్లార్ మట్టి గాదు సార్, పోయినవారం నా చేతులతోని మా భూలక్ష్మిని పెట్టొచ్చిన మట్టి."