చెలమ దగ్గర చూసిన సంబంధం

గుణుపూర్ దాటాక వంశధార ఒడ్డున బస్సు దిగిన సూర్యావతికి గుండె ఆగినంత పనైంది.

ఏట్లో నీళ్లు లేవు.

కనుచూపు మేరా ఇసుకే. అదీ మాఘమాసంలో, ఇంకా ఎండలు ముదరకుండానే.

ఈ ఊరి ధనుంజయకి ఆమె కూతురు హరిప్రియని అడుగుతున్నారు. సొంత పొలం, డాబా ఇల్లు, బుద్ధిమంతుడైన పిల్లాడు. సంబంధం తెచ్చిన అసిరయ్య ఆమెకి వరసకి అన్న. అన్నీ చెప్పాడు గానీ నీళ్ల సంగతి ఎత్తలేదు. ఊరంతా ఏటి నీళ్లే మోసుకుంటుందని ఈమధ్యే వేరేవాళ్ల నోట విన్నది.

హరిప్రియ తెరుబలి క్వార్టర్సులో పెరిగింది. కుళాయి తిప్పడం తప్ప బిందె ఎత్తి ఎరగదు. నీళ్లు మోస్తూ జారి పడితే? ఎండదెబ్బ తగిలితే? చెలమ తోడబోతే పాము కరిస్తే?

రాత్రంతా ఇవే తలుచుకుని, గుడికెళ్తున్నానని మొగుడితో చెప్పి, ఏటిని చూసి రావడానికి పొద్దున్నే బస్సెక్కేసింది.

"పెళ్లి నాకా, బిందెకా అమ్మా?" అని, బయల్దేరేముందు అసలు సంగతి విన్న హరిప్రియ పడీపడీ నవ్వింది.

ఇసుకలో ఒక పెద్దామె వంగి చెలమ తోడుతోంది. తల నెరిసింది. చీర మోకాళ్లదాకా ఎగ్గట్టుకుంది.

సూర్యావతి దాహమని దగ్గరికెళ్లి దోసిలి పట్టింది.

"ఆగు తల్లీ, ముందు బురద పోనీ."

పెద్దామె కొబ్బరిచిప్పతో ఆ మడ్డినీళ్లు తోడి పారబోసింది. మళ్లీ తేటగా ఊరేదాకా ఇద్దరూ గట్టున చతికిలబడ్డారు.

ఊరికే కూర్చోలేక కబుర్లలో పడ్డారు. వెనకట ఉగాది దాకా ఇక్కడ మోకాలి లోతు పారేదట. ఇప్పుడు రావలసిన నెలలో వాన రాదట. వస్తే మాత్రం మునిగుడ పైనున్న కొండల మీద ఒక్కసారే కుమ్మరిస్తుందట. ఏరు ఒడ్లు కోసుకుంటూ పొంగి, మర్నాటికి సముద్రం దారి పడుతుందట. భూమిలోకి ఇంకే నీళ్లు తక్కువ కాబట్టి ఊళ్లో బోర్లు కూడా ఎండిపోయాయట.

"వానకి కూడా తీరిక నేకుండా పోనాది తల్లీ. నిలబడి నాలుగు మాటలాడదు," అని నవ్వింది పెద్దామె.

సూర్యావతికి నవ్వు రాలేదు. మెల్లగా అసలు విషయంలోకి దిగింది.

"ధనుంజయోలింటికి నీళ్లు ఎవలు మోత్తారు?"

"నానే."

సూర్యావతికి లెక్క తేలిపోయింది. కోడలు కాపురానికి వచ్చిన రోజే అత్త బిందె దించేస్తుంది, ఎక్కడైనా అంతే. ఆ ఇంట్లో పెద్దకోడలు దుర్గాభవాని ఉండనే ఉంది. ఆమె కూడా రావడం లేదంటే, కలిగినవాళ్లు కాబట్టి ఈ ముసలామెని పనికి పెట్టుకున్నారన్నమాట. రేపు ఈమె మంచాన పడితే? బిందె తిన్నగా హరిప్రియ నెత్తికే.

"అత్తగారు ఎలాటిది?"

"నోరు పెద్దది. ఊరంతా ఇనబడతాది."

"నీకూ పిల్లలుండుంటారు. నిజం సెప్పు. మా అమ్మిని ఆ ఇంటికి ఇయ్యొచ్చా?"

పెద్దామె ముఖంలో నవ్వు తగ్గింది. నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఇప్పుడే ఇయ్యకు తల్లీ. ఇంట్లోకి కుళాయి ఒచ్చినాక సూసుకో. నా నడుం సూడు, ఎలగ ఒంగిపోనాదో. పరాయోల పిల్లకి ఈ పాటు ఎందుకు?"

తేటనీళ్లు ఊరాయి. ముందు సూర్యావతికే ముంచి ఇచ్చింది. ఆ నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో, ఎంత తియ్యగా ఉన్నాయో. అంత కంగారులోనూ సూర్యావతి రెండోసారి దోసిలి పట్టింది.

జాతకాలు కుదరలేదని ఆ సాయంత్రమే అసిరయ్య చేత కబురు పంపించింది. పనిమనిషి నోట దేవుడే పలికించాడని కొబ్బరికాయ కూడా కొట్టింది. చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయింది.

వేసవిలో అసిరయ్య లడ్డూల పొట్లంతో వచ్చాడు. ధనుంజయకి మునిగుడ పిల్లతో పెళ్లయిపోయిందట. భోజనాలు బ్రహ్మాండమట, పప్పు మాత్రం మాడిందట.

సూర్యావతి లడ్డూ తింటూ, ఎవరో కన్న ఆ మునిగుడ పిల్లని తలుచుకుని తెగ జాలిపడింది.

"పాపం అన్నా, ఆలకి నీళ్లు మోసే ఆ పనిమనిషి ముసల్ది. ఆవిడ మంచమెక్కిందంటే ఆ అమ్మి గతేటి?"

అసిరయ్య నమలడం ఆపి, అర్థంకానట్టు చూశాడు.

"ఆలింట్లో పనిమనిషేటి సెల్లీ? కోడళ్లని ఏటికి పంపనని ఒట్టేసుకుని, ధనుంజయ తల్లే మోత్తాది."