గిటారు మెడ

“ఇంకాస్త చెక్క తీయండి,” అంది భార్య, ఇంకా బిగించని గిటారు మెడని పిడికిట పట్టి చూస్తూ.

“ఇంకెక్కడ తీసేది? పొద్దున ఒకాయన గిటారు వెనక్కిచ్చి పోయాడు. మెడ మరీ సన్నం, పుల్లని పట్టుకున్నట్టుంది అన్నాడు. ఆయనేం మొదటివాడు కాదు. నా పనితనం అటకెక్కినట్టే ఉంది.”

గిటార్లు చేసే మేస్త్రీ ఆకురాయి పక్కన పెట్టి కూలబడ్డాడు. పెళ్లయిన కొత్తలో చేసిన తొలి గిటారు నుంచీ అంతే. ఆమె మెడ పట్టుకుని ‘సరిపోయింది’ అంటేనే తీగలు బిగించేవాడు.

విసుగ్గా లేచి, గోడకున్న ఆ తొలి గిటారునే దించి ఆమె చేతికిచ్చాడు. “ఇది పట్టుకుని చెప్పు.”

ఆమె పట్టుకుంది. వేళ్లు మెడ చుట్టూ తిరగలేదు.

“లావుగా ఉంది.”

“అప్పట్లో నువ్వు సరిపోయిందన్నదే.”

అప్పుడు కనిపించాయి అతనికి, ఉబ్బిపోయిన ఆమె వేలి కణుపులు. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

“ఎన్నాళ్లనుంచి ఈ నొప్పి?”

“చెబితే ఇక నన్ను పట్టుకోనివ్వరుగా.”

అతను కొత్త మెడని ఒళ్లో పెట్టుకుని, ఆకురాయి మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

“ఇది అమ్మేది కాదులే. ఇంకెంత తీయమంటావో చెప్పు.”