కుదుళ్లూ కొసలూ

విగ్గులకు వెంట్రుకలు కుట్టే మిషన్ పావగడ షెడ్డుకు వచ్చిన రోజే, సూదితో ముడులేసే ఆడవాళ్లందరినీ యజమాని రామాంజినప్ప పని మాన్పించాడు. మిషన్‌కు వెంట్రుకలు అందించడానికి మారక్క ఒక్కతే మిగిలింది. దాని గోలలో ఆమెను పలకరించేవాళ్లు లేరు.

నెల తిరక్కుండా విగ్గులన్నీ వాపసు వచ్చాయి. దువ్వెన పెడితే చాలు, చిక్కుపడుతున్నాయి.

"ఈ మిషన్‌కు చేతకాదు లేక్కా. వెనక్కి పంపిస్తాండా. మన ఆడోళ్లను మల్లా పిల్చుకోని రా," అన్నాడు రామాంజినప్ప.

మారక్క తలెత్తలేదు. కుదుళ్లన్నీ ఒకవైపే ఉండేలా అందించాల్సిన వెంట్రుకల్లో రోజూ కొన్నింటిని చిక్కుపడేలా తిరగేసి పెట్టింది ఆమే. ఈ మాట కోసమే.

చెప్పులైనా వేసుకోకుండా ఇంటింటికీ పోయింది. అన్నిటికీ తాళాలే.

"చెనిక్కాయ చేన్లు ఎండిపాయ, షెడ్డులో పని పాయ. వయసుండేవాళ్లంతా బెంగళూరికి కూలికి పోయినారు కదమ్మా," అంది గొర్రెలు తోలుకొస్తున్న ముసలామె.

మరునాడు మారక్క షెడ్డులో చాప పరుచుకుని, సూదితో ఒక్కో వెంట్రుకా ముడేస్తూ కూర్చుంది. పక్కన ఎప్పటిలాగే వాళ్లకు చోటు వదిలింది.

ఇప్పుడు మిషన్ చప్పుడు కూడా లేదు.