ఇంజన్ మోత

"నిన్న 'బడి మానేసినోడివి, నాకు బుద్ధులు చెప్తావా' అన్నావు కదా పెదనాన్నా! నీ రొయ్యలు చెడిపోకూడదు గానీ, ఓడీల్ మామ్మకి ఊపిరాడకపోయినా ఫర్వాలేదా?"

తుఫాను వెళ్లి నాలుగు రోజులైనా మా బాయూ కాలువ ఒడ్డున కరెంటు రాలేదు. ఎదురింటి ఓడీల్ మామ్మ ఆక్సిజన్ మెషీన్ నడవాలంటే మా జనరేటరే దిక్కు. పెదనాన్న దాన్ని గొలుసుతో అరుగు స్తంభానికి కట్టేసి, నన్ను కాపలా పెట్టి, అరుగు దిగనివ్వడం లేదు.

చెక్కలు బిగించిన కిటికీ వెనక చీకట్లోంచి పెదనాన్న అరిచాడు.

"ఫ్రీజర్ నిండా సరుకుందిరా థియో! కదిలావో కాళ్లు విరగ్గొడతా!"

"మోత వినపడుతోందా?"

"ఆ, వినపడుతోంది."

"అది గడ్డి కోసే మెషీన్. పొద్దున్నే గ్రైండర్‌తో గొలుసు కోసి, జనరేటర్ మామ్మ పెరట్లో పెట్టా. దాన్లో పెట్రోలు పొయ్యాలి, వెళ్తున్నా."